మొదటి పేజీ మూడో పేజీలో ఉంది

తెల్లారగట్ల మూడున్నర.
ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదర, మూసిన చెప్పుల షాపు మెట్ల మీద
లోకం కట్టలు కట్టలుగా దిగుతుంది.
తాడు తెంపితే ముందు ఇంకు వాసన,
తర్వాత నవ్వుతున్న ఒక కుటుంబం:
ఆనందపురం రోడ్డులో విల్లాలు, ఈత కొలను, క్లబ్ హౌసు.
దాని వెనక నగల కొట్టు.
ఆ వెనకెక్కడో, మూడో పేజీలో, మొదటి పేజీ.

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరికంటే రెండు గంటలు ముందే
నాకన్నీ తెలిసిపోతున్నాయి.
ఏం చేసుకోను?
పాంప్లెట్లు మడిచి లోపల దూరుస్తాను.
పంటి వైద్యం, ఐఐటీ ఫౌండేషన్, మోకాళ్ళ నొప్పులు.
కుర్రాడు కొండబాబు వేలు తడుపుకుంటూ అంటాడు:
"ఈ పేపర్లో గవర్నమెంటు ఉంది బాబాయ్,
ఆ పేపర్లో నేదు."

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.
అడగలేదు గనకే చెబుతున్నాను.

రాజధాని అన్నారు. మా ఇంటి ఓనరు వెయ్యి పెంచాడు.
కాదన్నారు. ఇంకో వెయ్యి పెంచాడు.
అదేంటండీ అంటే "మార్కెట్ సెంటిమెంటు బాగులేదు" అన్నాడు.
ఆ మాట బిజినెస్ పేజీలోది.
ఆ పేపరు వాళ్ళింట్లో వేసింది నేనే.

కంప్యూటర్లకి కొండంత ఇల్లు కడతారట,
వేడెక్కకుండా వాటికి నీళ్ళు పోస్తారట.
మంచిదే. రానీ.
కంచరపాలెం మెట్ట మీద మా కుళాయి
రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు.
చదివి వినిపిస్తే మా ఆవిడ బిందె దించకుండానే
"అవి కూడా లైన్లో నిలబడతాయేటి?" అంది.
నవ్వకూడదనుకున్నాను. నవ్వాను.

ఉక్కు గురించి నేను మాట్లాడను.
మా బావ పోలినాయుడు మాట్లాడతాడు, పేపరు మొహం చూడకుండా.
వాళ్ళ తాత పొలం ఇచ్చాడు,
పొలానికి బదులు ఆర్ కార్డు వచ్చింది,
కార్డు ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉంది.
ఫ్యాక్టరీకి నష్టం వస్తే వార్త, లాభం వస్తే వార్త.
బావ కాంట్రాక్టు కూలీగా అదే గేటు లోపలికి వెళ్ళొస్తుంటాడు
సైకిల్ హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని.

ఇక సంస్కృతి. అది శుక్రవారం వస్తుంది, రంగుల్లో.
బీచ్ రోడ్డులో పాత బంగళా కూలిస్తే
వారసత్వం అని అర పేజీ ఏడ్చారు.
మా పేట సినిమా హాలు కూలిస్తే ఒక్క ముక్క లేదు.
నేల టిక్కెట్టులో పదహారేళ్ళప్పుడు
ఈలేసి ఈలేసి నేను పోగొట్టుకున్న గొంతు
వారసత్వం కాదు కాబోలు.
అక్కడిప్పుడు కన్వెన్షన్ హాలు.
తప్పెటగుళ్ళ వాళ్ళని పిలిపిస్తారు
గేటు దగ్గర, అతిథులు కారు దిగేదాకా.
శాలువాలు లోపల ఇంకెవరికో.

ఒక రోజు ఒళ్ళు మండింది.
ఎంవీపీ కాలనీలో ఈ పార్టీ పేపరు ఆ పార్టీ ఇంటికి,
ఆ ఇంటిది ఈ ఇంటికి
మార్చి విసిరేశాను. నలభై మూడు గుమ్మాలు.
రోజంతా ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను,
తిట్లకి జవాబులు కూడా కూడబలుక్కున్నాను.
సాయంత్రం ఐదింటికి ఒకే ఒక్క ఫోను.
పోర్టులో హెడ్ క్లర్కు చేసి దిగిన దాలయ్య గారు:
"ఏవయ్యా, నిన్నటి పదకేళికి
ఇవాళ జవాబులు కుదరటం లేదు. అడ్డం పదకొండు."

అంతే.
మిగతా నలభై రెండిళ్ళు
చదవలేదా, చదివి తేడా తెలియలేదా,
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సైకిల్ సీటు మీద
పోర్టు వైపు నుంచి కొట్టుకొచ్చిన నల్ల పొడి, వేలు మందం.
నగరంలో గాలి మెరుగు, ఐదో పేజీ.
విల్లా కుటుంబంతో సీటు తుడిచాను.
తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, కుక్క,
అందరి పళ్ళూ నల్లబడ్డాయి.

పారేద్దామనుకుని
మళ్ళీ మడిచాను, జాగ్రత్తగా.
దాలయ్య గారి గుమ్మంలో వేశాను,
పదకేళి పైకి కనబడేలా.